డీజే కింద రాసిన పేరు

నువ్వు ఏ పాటలు వింటావని అడిగేవాళ్ళంటే నాకు మంట. వాళ్ళకు కావలసింది పాట గురించి కాదు. నిన్ను ఎక్కడ కూచోబెట్టాలో తెలియాలి, అంతే. పాత సినిమా పాటలంటే ఒక కుర్చీ, భజనలంటే ఇంకో కుర్చీ, డీజే అంటే చెప్పులు విడిచే చోటు. ఇది ఎవరో నాకు చెప్పిన సంగతి కాదు. ఒకసారి ఆ కుర్చీలు నేనే వేశాను, చేతిలో పెన్ను పట్టుకుని.

మస్కట్ దగ్గర రుసైల్‌లో సిమెంటు బ్లాకులు పోసే కంపెనీలో పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీ వెనకే క్యాంపు. రేకుల గదులు, మధ్యలో ప్లైవుడ్ గోడలు. పక్క గదిలో ఒకడు దగ్గితే ఈ గదిలో మనం గొంతు సవరించుకుంటాం. గదికి పది మంచాలు, ఐదు కింద, ఐదు పైన. మా వరసలో నాలుగు గదుల నిండా తెలుగువాళ్ళమే. అందరం కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళం. ఒక్కడు మాత్రం గోదావరి ఆయన, స్టోర్ చూస్తాడు. స్టోర్‌లో ఏసీ ఉంటుంది కాబట్టి ఆయనను అందరూ సార్ అంటారు.

నా పై మంచంలో ఒకడుండేవాడు. ముప్పై దాటినవాడు, బ్లాకులు పేర్చే పని. మా మండలం పక్క మండలమే. నన్ను కాకా అనేవాడు. వాడి భార్యది కడప వైపు. మస్కట్‌లో ఒక ఇంట్లో వంట, పిల్లల పని చేస్తుంది. ఇద్దరూ ఇక్కడే పరిచయమయ్యారు, సెలవు పెట్టి ఊరికి పోయి పెళ్ళి చేసుకుని మళ్ళీ ఎవరి పనికి వాళ్ళు వచ్చారు. ఒక దేశంలో ఉన్నా ఒక ఇంట్లో ఉండే వీలు లేదు. ఆమె మేడం శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు బయటికి వదులుతుంది. ఆ రెండు గంటల కోసం వీడు ఇక్కడ వ్యాన్ పట్టుకుని మత్రా పోతాడు. సముద్రం పక్కన గోడ మీద కూచుంటారు. వాళ్ళ కాపురం అంటే అదే. వారమంతా వాడు ఆ గోడ కోసమే బతికేవాడు. ఇది మా వరసలో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

నాకు అక్షరాలు నేర్పింది కూడా వాడే. యాభై నాలుగేళ్ళు నిండాక నేర్చుకున్నాను. అంతకు ముందు కంపెనీ ఏ కాగితం ఇస్తే దాని మీద వేలిముద్ర వేశాను. వీడు తన ఫోన్‌లో పాట కింద మాటలు నడిచే వీడియోలు పెట్టేవాడు. పాట నాకు నోటికి వచ్చినదే, చిన్నప్పుడు మా అమ్మ నాట్లలో పాడినది. చెవికి ముందే తెలిసిన మాటను కంటితో పట్టుకోవడం అన్నమాట. "ఆపు, ఆపు" అంటే ఆపేవాడు. ఒక్క పాట చదవడానికి నాలుగు శుక్రవారాలు పట్టింది. వాడు విసుక్కోలేదని రాస్తే అబద్ధం. బాగా విసుక్కున్నాడు. కానీ మానలేదు.

ఇక గొడవ సంగతి. శుక్రవారం పొద్దున నాలుగు గదుల్లో నాలుగు స్పీకర్లు లేస్తాయి. ఏటా మాల వేసుకునే ఒకడున్నాడు, వాణ్ణి ఏడాదంతా స్వామి అనే పిలుస్తాం. వాడు భజనలు పెడతాడు. గోదావరి ఆయన పాత సినిమా పాటలు. మిగతా రెండు గదుల్లో మా వైపు పాటలు, ఇప్పుడు యూట్యూబ్‌లో వస్తాయే, అవి. వాటిని ఏమనాలన్న దాని మీదే సగం కొట్లాట. ఒకడు జానపదం అంటాడు. ఒకడు ఫోక్ అంటాడు. రెండూ ఒకటే కదరా అంటే కాదట, జానపదం అంటే ముసలోళ్ళదట, ఫోక్ అంటే డ్రస్సు వేసుకుని ఆడేదట. ఒకడు ప్రైవేట్ సాంగ్ అంటాడు. అందులో డీజే వేరే, తీన్మార్ వేరే, లవ్ ఫెయిల్యూర్ వేరే.

ఒకరోజు టీ దగ్గర గోదావరి ఆయన తేల్చేశాడు.

"జానపదం అంటే ఎవరు కట్టారో తెలియకూడదండీ. మీరు వినేవాటి కింద రాసినోడి పేరు, పాడినోడి పేరు, కెమెరా పట్టినోడి పేరు, ఆఖరికి టీ పోసినోడి పేరు కూడా ఉంటాది. అదేం జానపదమండీ?"

నా పై మంచం వాడు ఊరుకోలేదు. "మీ సిన్మా పాటలకు పేర్లుంటయ్ గద సార్. మరి గవేంది?"

"అది సంగీతమండీ."

"మాది?"

"చప్పుడండీ. ఆయ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్వామి అందుకున్నాడు. "డీజే అంటే తాగినోని పాట. తాగనోడు ఎవడన్న ఇంటడా?"

"నేను సుక్క ముట్ట స్వామీ. నువ్వే, మాల తీసిన తెల్లారి కనపడవ్."

ఆ మాట మీద స్వామి గ్లాసు విసిరాడు. అది తగిలింది గోడకే. కానీ ఆ పై శుక్రవారం భజన గది స్పీకర్‌ను ఎవరో కాలితో తన్నారు. ఎవరు తన్నారో ఇప్పటికీ తెలియదు. డీజేగాళ్ళ పనే అని అందరూ అన్నారు. డీజేగాళ్ళు అనే మాట ఆ రోజు నుంచి ఖాయమైంది.

మా క్యాంప్ బాస్ మన దేశంవాడే. ఏ రాష్ట్రమో రాయను, రాస్తే ఆయనకూ ఒక కుర్చీ వేసినట్టవుతుంది. ఆయన హిందీలో అన్నాడు, "చాచా, ఈ గోల నాకొద్దు. ఎవడు ఏ పాట వింటాడో లిస్టు రాసి ఇవ్వు. పాటను బట్టి గదులు మారుస్తా. భజన వాళ్ళు భజన వాళ్ళతో చావండి."

ఆయన ఆ మాట నాతో ఎందుకన్నాడంటే, వరసలో అందరికంటే పాతవాణ్ణి, పైగా ఇప్పుడు రాయడం వచ్చినవాణ్ణి. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పను. జీవితంలో మొదటిసారి ఎవరో నన్ను రాయమన్నారు. సంతకం కాదు. రాయమన్నారు.

మెస్‌లో ఒక పెయింట్ డబ్బా బోర్లించి కూచున్నాను. నోటుబుక్కులో నాలుగు గీతలు గీసి నాలుగు పేర్లు పెట్టాను. భజన. మెలోడీ. ఫోక్. డీజే. ఒక్కొక్కడు వచ్చి నిలబడి అడుగుతున్నాడు, నేను అధికారిలా తల పైకెత్తకుండా రాస్తున్నాను.

"కాకా, నేను పొద్దుగాల భజన, మాపటికి ఫోక్. ఎందుల రాస్తవ్?"

"ఏ పాట ఇనుకుంట పండుతవో అందుల."

"కాకా, వీనికి లవ్ ఫెయిల్యూర్ రూమ్ పెట్టు."

"వానికి రూమ్ ఎందుకురా, ఏడ్సుడే గద, బాత్రూం సాలు."

అలా నవ్వుతూ రాశాను. మనుషులను విడగొట్టే పని అంత సరదాగా సాగుతుందని నాకు అంతకు ముందు తెలియదు.

నా పై మంచం వాడు చివర్లో వచ్చాడు. మెస్‌లో ఇంకెవరూ లేరు.

"కాకా, నన్ను ఫోక్‌ల రాయి."

"నీది ఫోక్ ఎట్లయితదిరా? నువ్వు పాట పెడ్తె కింద నా మంచం ఊగుతది."

"ఊపేది స్పీకర్ కాకా. పాట కాదు."

"మరి శుక్రారం పొద్దుగాల పెడ్తవ్ సూడు. పాట లేదు, మాట లేదు, ఉత్త డప్పు. అదేంది మరి?"

"అది మా బాపు."

వాడి తండ్రి డప్పు కొట్టేవాడు. ఆ మోతను ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చుకున్నాడు. తండ్రి పోయాడు, ఫోన్‌లో డప్పు మిగిలింది. మెస్ బల్ల మీద ఒక స్టీలు పళ్ళెం బోర్లించి ఉంది. వాడు దాని మీద రెండు వేళ్ళతో కొట్టి చూపించాడు.

"గిది పెండ్లి దరువు. గిది పీర్ల దరువు. గిప్పుడు ఇను, గిది సావు దరువు. మా బాపు సావు దరువు కొడ్తె పాడె మోసేటోళ్ళ నలుగురి అడుగులు ఒక్కతీర్గ పడేటియి. తప్పటడుగు పడకపోయేది. గిది డీజేనా కాకా? డీజేకు ఎవడన్న పీనుగను మోస్తడా?"

విన్నాను. మూడు దరువులకు తేడా నాకు బాగానే తెలిసింది. మా ఊళ్ళో పుట్టి పెరిగినవాడెవడికైనా తెలుస్తుంది, దూరం నుంచి వింటేనే పెళ్ళా చావా చెప్పేస్తాం. "సరే పో, సూస్త" అన్నాను. వాడు పోయాక డీజే కింద రాశాను.

ఎందుకు రాశానో చెప్తాను. చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. ఫోక్ వాళ్ళకు ఇస్తామన్న గది బాత్రూములకు దూరంగా ఉంటుంది, అందులో ఏసీ కొత్తది. నా పేరు అందులో ముందే రాసుకున్నాను. అది ఒక కారణం, చిన్నది. పెద్దది వేరే ఉంది. మా ఊళ్ళో నేను పుట్టిన వాడ వేరు, డప్పు కొట్టేవాళ్ళ వాడ వేరు. క్యాంపులో ఆ మాట ఎవరూ ఎత్తరు. అందరికీ ఒకే కుళాయి, ఒకే బస్సు, ఒకే రకం హెల్మెట్. ఆ మాట ఎత్తితే గొడవ, ఊరికి పోతే కేసు. డీజే అంటే కేసు లేదు. డీజే కింద తొమ్మిది పేర్లు తేలాయి. అందులో ఆరు ఆ వాడల నుంచి వచ్చినవాళ్ళవి. మిగతా గదుల్లోనూ అవే పాటలు వినేవాళ్ళున్నారు, అదే బేస్, అదే మోత. వాళ్ళను ఫోక్ కింద రాశాను. చెయ్యి దానంతటది రాసింది అని తప్పించుకోవచ్చు. చేతికి అక్షరాలు రావు. నాకొచ్చు.

క్యాంప్ బాస్‌కు తెలుగు రాదు, లిస్టు నేనే చదివి వినిపించాను. గదులు మారాయి. రెండు వారాలు క్యాంపు నిమ్మళంగా ఉంది. క్యాంప్ బాస్ నా భుజం తట్టాడు కూడా.

తర్వాత దుక్మ్ మాట వచ్చింది. కంపెనీకి అక్కడ రేవు దగ్గర ఒక సైట్ దొరికింది. తొమ్మిది మందిని పంపాలి, ఏడాదిన్నర పని. దుక్మ్ అంటే ఇక్కడి నుంచి పగలంతా ప్రయాణం. ఒక పక్క ఎడారి, ఒక పక్క సముద్రం, మధ్యలో క్యాంపు. శుక్రవారం పొద్దున బయలుదేరితే మత్రా చేరేసరికి శుక్రవారం అయిపోతుంది.

క్యాంప్ బాస్ ఎవర్ని పంపాలా అని బుర్ర బద్దలు కొట్టుకోలేదు. నా నోటుబుక్కు తీశాడు. డీజే కింద సరిగ్గా తొమ్మిది పేర్లున్నాయి. "గోల చేసేవాళ్ళు వీళ్ళేగా. అక్కడ చుట్టుపక్కల మనిషి లేడు, ఎంత మోగించుకుంటారో మోగించుకోనీ" అన్నాడు. నా చేతిరాతనే జిరాక్స్ తీసి గోడకు అంటించాడు. ఆ కాగితం ముందు నిలబడి నా పై మంచం వాడు తన పేరు చదువుకున్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి, "శుక్రారం నాతోని మత్రాకు రా కాకా. ఆమెకు నువ్వే సెప్పు" అన్నాడు.

పోయాను. పోనని చెప్పే ముఖం లేదు.

ఆమె గోడ మీద కూచుని ఉంది. ఒక డబ్బాలో ఏదో వండి తెచ్చింది. నన్ను చూసి లేచి కొంగు సర్దుకుంది. నేను కంపెనీ, దుక్మ్, సైట్, ఏడాదిన్నర అని నసిగాను. ఆమె చివరిదాకా వింది.

"ఎవురు రాసినారు పేరు?"

"నేనే."

"యాల?"

"పాటలను బట్టి రాసినమమ్మా. ఎవరు ఏ పాట ఇంటరో..."

"పాటలా?" ఆమె మొగుడి వైపు తిరిగింది. "పాటలంటాడేందబ్బా ఈ పెద్దాయన?" మళ్ళా నా వైపు. "సామీ, మా మేడం నాకు వారానికి రెండు గంటలిస్తాది. రెండంటే రెండు. దాంట్లో అరగంట నడిచేదానికే పోతాది. ఈయప్ప వాళ్ళ నాయన డప్పు పెట్టుకుంటాడు, నాకూ ఒక చెవిలో పెడతాడు, ఇద్దరం అట్లా ఇంటా కూచుంటాం. అది నీకేమి అడ్డమొచ్చె? దానికి నువ్వొక పేరు పెట్టి, ఆ పేరు కింద ఈయప్పను రాసి, ఆడెక్కడో ఇసకలో పారేస్తావా? అచ్చరాలు నేర్పించుకుంటివే ఈయప్ప కాడనే, ఇందుకేనా?"

"మార్పిస్తనమ్మా" అన్నాను.

"మార్పించు. మార్పించినాక మాట్లాడు." డబ్బా మూత పెట్టేసింది. నాకు పెట్టలేదు. పెట్టాల్సిన పనీ లేదు.

మర్నాడు డ్యూటీకి ముందే క్యాంప్ బాస్ గదికి పోయాను. తప్పు రాశాను, వాడు డీజే కాదు, ఫోక్ అన్నాను. ఆయన టీ తాగుతూ నవ్వాడు.

"చాచా, డీజేకీ ఫోక్‌కీ తేడా ఏంటి?"

చెప్పబోయాను. చావు దరువు అన్నాను, పాడె అన్నాను, హిందీలో నాకు ఆ మాటలు లేవు. టేబుల్ మీద రెండు వేళ్ళతో కొట్టి చూపించబోయాను. నా వేళ్ళు పలకలేదు. నేను ఎన్నడైనా కొడితే కదా. ఆయన చేయి చూపి ఆపేశాడు.

"సరే, నీ మాటే. అక్కడ తొమ్మిది తలలు కావాలి. ఆ పేరు కొట్టెయ్, ఇంకో పేరు రాయి. ఎవడో నువ్వే చెప్పు."

"నా పేరు రాసుకోండి."

"నీకు బీపీ ఉంది. అక్కడ మెడికల్‌లో ఆపేస్తారు, నీతోపాటు నాకూ తిట్లు. వేరే పేరు చెప్పు."

నోటుబుక్కు నా ముందుకు తోశాడు. పెన్ను ఇచ్చాడు. ఫోక్ కింద పేర్లన్నీ చదివాను. ఒకడు మా ఊరివాడు. ఒకడు నా మేనల్లుడికి బావమరిది. ఒకడు పోయినసారి నాకు జ్వరమొస్తే జావ కాచి పోశాడు. ఒకడికి నడుము నొప్పి. మెలోడీ కిందికి పోయాను. గోదావరి ఆయన పేరు చూసి ఒక్క క్షణం చెయ్యి ఉరికింది, నిజం. కానీ ఆయన స్టోర్ మనిషి, కంపెనీ కదల్చదు. డ్యూటీ బస్సు హారన్ కొట్టేదాకా అలాగే కూచున్నాను. పెన్ను అక్కడ పెట్టి లేచి వచ్చాను.

సాయంత్రం వాడికి చెప్పాను, కాలేదురా అని. వాడు బ్యాగులో బట్టలు సర్దుకుంటున్నాడు.

"ఏమన్నడు?"

"నీ పేరు కొట్టేసి ఇంకోని పేరు రాయమన్నడు."

"రాయలే?"

"రాయలే. ఎవని పేరు రాయాల్రా? అంతసేపు కూసున్న, సెయ్యాడలే."

వాడు చొక్కా మడత పెట్టడం ఆపాడు. "నా పేరు రాసేటప్పుడు గింతసేపు కూసున్నవా కాకా?"

జవాబు కోసం ఆగకుండా వాడు మళ్ళీ చొక్కా మడత పెట్టసాగాడు. ఆదివారం పొద్దున కంపెనీ బస్సు వచ్చింది. తొమ్మిది మందీ ఎక్కారు. స్వామి వచ్చి వాడితో చెయ్యి కలిపాడు. గోదావరి ఆయన "జాగ్రత్తండీ" అన్నాడు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. వాడు నా వైపు చూడలేదు. వాడి స్థానంలో నేనుంటే నేనూ చూడను.

వాడు దుక్మ్ పోయి ఐదు నెలలైంది. కంపెనీ బండి ఏదైనా ఇటు వస్తే అందులో పడి వస్తాడు, ఇప్పటికి రెండుసార్లు వచ్చాడట. ఒకసారి శుక్రవారం కుదిరింది, ఒకసారి కుదరలేదు. నాతో మాట్లాడడు. ఇవి వేరేవాళ్ళు చెప్తే తెలిసినవి. ఆమె మాత్రం ఇంకా ప్రతి శుక్రవారం ఆ గోడ దగ్గరికి వస్తోందని, ఒక్కతే కూచుని ఫోన్‌లో మాట్లాడి పోతోందని మత్రాకు పోయినవాళ్ళు చూసి చెప్పారు. నేను ఆ వైపు పోవడం మానేశాను.

పోయిన శుక్రవారం మా ఫోక్ గదిలో, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ఒకడు స్పీకర్ పెట్టాడు. డీజే గదివాళ్ళు వదిలేసి పోయిన స్పీకరే, పెద్దది. పాట కూడా వాళ్ళు పెట్టిందే. ప్లైవుడ్ గోడ అదురుతోంది. నా మంచం ఊగుతోంది.

"ఇది ఏం పాటరా?" అన్నాను.

"ఫోక్ కాకా."

"మరి వాడు పెట్టినప్పుడు?"

"వాడు పెడితే డీజే." గదంతా నవ్వారు.

ఆపెయ్యండిరా అని అరిచానని, లేచి బయటికి పోయానని రాయాలని ఉంది. అరవలేదు, పోలేదు. బయట ఎండ మండిపోతోంది, లోపల ఏసీ కొత్తది. కింది మంచం మీద వెల్లకిలా పడుకుని పాట అయిపోయేదాకా విన్నాను. పాట బాగుంది. కాలితో తాళం కూడా వేసినట్టున్నాను.